మండలానికో పిట్టు, పిట్టుకో డ్రమ్ము

సంగారెడ్డి జిల్లాలోని మా కంగ్టిలో ఇప్పుడు ఏ సందులో చూసినా ఒక కారు కనబడుతుంది. చాలావరకు సెకండ్ హ్యాండువే. హైదరాబాద్‌లోనో బీదర్‌లోనో ఏళ్ల తరబడి తిరిగి, చేతులు మారి ఇక్కడికి చేరిన ఆల్టోలు, వ్యాగనార్లు, ఇండికాలు. కంపెనీ సర్వీసింగ్ కావాలంటే నారాయణఖేడ్ దాటి సంగారెడ్డికో, జహీరాబాద్‌కో, కాదంటే కర్ణాటక సరిహద్దు దాటి బీదర్‌కో పోవాలి. ఆ రోజు పనంతా పోయినట్టే. అందుకని కుర్రాళ్లు ఫోన్లో వీడియో పెట్టుకుని, ఇంటి ముందరే ఇంజిన్ ఆయిల్ మార్చేస్తున్నారు. ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేసి రిటైరైనవాణ్ని కాబట్టి, ఈ పని మంచిదేనా అని నన్ను అడుగుతుంటారు. మంచిదే. బండి ఉన్న ప్రతివాడూ నేర్చుకోదగ్గ పనే. అయితే ఆ వీడియోల్లో బోల్టు విప్పడం చూపించినంత బాగా రెండు సంగతులు చూపించరు. కారు కింద దూరిన మనిషికి ఏమీ కాకుండా ఎలా చూసుకోవాలి? తీసిన నల్ల ఆయిల్ ఎక్కడికి పోవాలి? ఈ రెండిటికీ ఎవరి ఇంట్లో వాళ్లు జవాబు వెతుక్కోవడం కష్టం. ఊరంతటికీ కలిపి ఏర్పాటు ఉండాలన్నది నా వాదన.

ఆయిల్ మార్చడం మా రైతులకు కొత్త విద్య కాదు. మన జిల్లాలోనే, జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉంది. మా పల్లెల్లో ట్రాక్టర్ లేని వాడ లేదు. ఎన్ని గంటలు నడిచిందో మీటర్లో చూసుకుని, చెట్టు కింద ఆపి, కింద తట్ట పెట్టి బోల్టు విప్పేవాళ్లు ఎందరో ఉన్నారు. ట్రాక్టర్ ఎత్తుగా ఉంటుంది. పక్కన గొంతుక్కూర్చుంటే చెయ్యి అందుతుంది, పైన ఏదీ మీద పడేది లేదు. కారు సంగతి వేరు. మారుతి చిన్న కార్ల కింద ఖాళీ పదహారు, పదిహేడు సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా ఉండదు. లేపితే తప్ప మనిషి దూరలేడు. ట్రాక్టర్ దగ్గర అలవాటైన ధైర్యంతోనే కారు కిందికి దూరడం వల్ల ప్రమాదం వస్తుంది.

మొన్నటి వానాకాలం మా వాడలోనే చూశాను. ఒక పిల్లవాడు స్టెప్నీ మార్చే జాకీతో కారు ముందు భాగం లేపి, పక్కన రెండు ఇటుకలు పేర్చి, వెల్లకిలా పడుకోబోతున్నాడు. కింద ఉన్నది రేగడి మన్ను. జాకీ అడుగు అప్పటికే రెండు వేళ్ల మందం దిగిపోయింది, మొత్తం జాకీ కాస్త పక్కకు వాలి ఉంది.

‘‘లే బిడ్డా, ముందు బయటికి రా’’ అన్నాను.

‘‘జాకీ మీదనే ఉంది గద కాకా, ఏమైతది?’’

‘‘జాకీ లేపెతందుకు. మోసెతందుకు కాదు.’’

రేగడి నేల ఎండాకాలం నెర్రెలిస్తుంది, వానాకాలం మెత్తబడుతుంది. రెండు కాలాల్లోనూ దాని మీద జాకీని నమ్మడానికి లేదు. బరువంతా ఒక్క చోట పడితే ఇటుక చెప్పాపెట్టకుండా రెండు ముక్కలవుతుంది. కారుతో పాటు వచ్చే జాకీ టైరు మార్చే కాసేపటి కోసం చేసింది. దాన్ని నమ్ముకుని కిందికి పోతే తల మీద ఆరేడు క్వింటాళ్ల ఇనుమును ఒక్క మరసూది మీద నిలబెట్టుకున్నట్టే.

ఇంటి దగ్గరే చేసుకోవాలనుకునేవాళ్లకు నా మాట ఇది. నేల చదునుగా ఉండాలి, సిమెంటు గచ్చయి ఉండాలి. బండిని మొదటి గేరులో ఉంచి హ్యాండ్ బ్రేకు లాగాలి. వెనక చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టాలి. జాకీతో లేపాక, కంపెనీ పుస్తకంలో చూపిన చోట రెండు వైపులా జాకీ స్టాండ్లు పెట్టి, బరువు వాటి మీదికి దించాలి. దూరే ముందు బండిని చేత్తో గట్టిగా ఊపి చూడాలి. కదిలితే మళ్లీ మొదటి నుంచి. ముందు చక్రాలను ఎక్కించే ఇనుప ర్యాంపులు దొరికితే ఇంకా మేలు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఈ పని పెట్టుకోకూడదు. స్టాండ్లు లేవా, ఆ రోజు ఆయిల్ మార్చవద్దు. వారం ఆలస్యమైతే ఇంజిన్‌కు వచ్చే నష్టం లేదు.

ఇక అసలు పని. ఇంజిన్‌ను ఐదు నిమిషాలు నడిపి ఆపేసి, కాసేపు ఆగాలి. గోరువెచ్చగా ఉంటే ఆయిల్ సాఫీగా దిగుతుంది. మరీ వేడి మీద విప్పితే చెయ్యి బొబ్బలెక్కుతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది బోల్టు దగ్గర. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ బోల్టు అనుకుని పక్కనున్న గేర్‌బాక్స్ బోల్టు విప్పేస్తారు. గేర్ ఆయిల్ అంతా పోతుంది, ఇంజిన్లో పాత ఆయిల్ అలాగే ఉంటుంది, దాని మీద కొత్తది పోస్తారు. ఒక్క దెబ్బకు గేర్‌బాక్సూ, ఇంజినూ రెండూ పాడు. దిగిన ఆయిల్ నల్లగా లేకుండా తేనె రంగులో ఉంటే అక్కడే ఆగి చూసుకోవాలి. బోల్టు చివరి మరలకు వచ్చాక దాన్ని లోపలికి నొక్కి పట్టి తిప్పుతూ, వదులైందని తెలియగానే చటుక్కున పక్కకు తీయాలి. అప్పుడు ధార తట్టలో పడుతుంది, మోచేతి మీదుగా చంకలోకి పోదు.

కొత్త వాషర్ వేసి బోల్టును ముందు చేత్తోనే ఎక్కించాలి. ట్రాక్టర్ బోల్టుకు పానా వెనక పైపు తొడిగి బిగించే అలవాటు మావాళ్లకు ఉంది. కారు చాంబర్ చాలా బండ్లలో అల్యూమినియంది. అలా బిగిస్తే మరలు ఊడివస్తాయి, నాలుగైదు వందల పనికి వేల రూపాయల చాంబర్ మార్చాల్సి వస్తుంది. పాత ఫిల్టర్ తీసినప్పుడు దాని రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుపోలేదు కదా అని చూడాలి. కొత్త ఫిల్టర్ రింగుకు కొంచెం ఆయిల్ రాసి, ఆనాక చేత్తో ముప్పావు చుట్టు తిప్పితే చాలు. చిన్న పెట్రోల్ కార్లకు చాలావాటికి పట్టేది మూడు లీటర్ల అటూ ఇటూ. ముందు కాస్త తక్కువే పోసి, స్టార్ట్ చేసి, ఆయిల్ దీపం ఆరిందా, కింద కారుతోందా చూసి, ఆపి, కొన్ని నిమిషాలాగి గేజి తీసి చూసుకోవాలి. రెండు గీతల మధ్య ఉండాలి. తక్కువైతే ప్రమాదమని అందరికీ తెలుసు. ఎక్కువైనా క్రాంకు దాన్ని చిలికి నురగ చేస్తుంది, నురగ ఇంజిన్‌ను కాపాడదు.

ఇంకొక సంగతి మా ప్రాంతంలో చెప్పితీరాలి. ఇంట్లో ట్రాక్టర్ ఆయిల్ మిగిలింది కదా అని కారులో పోయకండి. డబ్బా మీద 15డబ్ల్యూ-40 అని ఉంటే అది బరువు ఇంజిన్ల కోసం చేసిన చిక్కటి ఆయిల్. పెట్రోల్ కార్లు చాలావాటికి 5డబ్ల్యూ-30 కావాలి, ఈమధ్య వచ్చిన కొన్నిటికి అంతకంటే పలచటిది కావాలి. డబ్ల్యూకు ముందున్న అంకె చల్లటి ఇంజిన్లో ఆయిల్ ఎలా పారుతుందో చెబుతుంది, వెనకున్నది వేడెక్కాక ఎంత చిక్కదనం నిలుస్తుందో చెబుతుంది. బండి పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే పోయాలి. వారంటీ ఉన్న కొత్త బండి జోలికి మాత్రం పోవద్దు, అది కంపెనీ వాళ్లకే వదిలేయండి.

ఇంత కష్టపడి మిగిలేదెంత అని అడగవచ్చు. మెకానిక్ కూలీ నాలుగైదు వందలు. డబ్బు లెక్క చూసుకుంటే పెద్ద లాభం లేదు. సీలు విప్పిన కొత్త ఆయిలే ఇంజిన్లో పడిందని, పాత ఫిల్టర్ నిజంగా మారిందని కళ్లారా చూసుకోవడమే లాభం. ఏడాదికోసారైనా బండి కింద ఏముందో యజమాని చూస్తాడు. కారుతున్న సీలు, చిరిగిన రబ్బరు బూటు అప్పుడే కనబడతాయి.

ఇప్పుడు తట్టలో మిగిలిన ఆ మూడు లీటర్ల నల్ల ఆయిల్ సంగతి చూద్దాం. ఊళ్లో దానికి గిరాకీ తక్కువేం లేదు. చెదలు పట్టకుండా గుంజలకు పూస్తారు, సెంట్రింగ్ పలకలకు రాస్తారు, దోమలకని మోరీలో పోస్తారు, కుక్కల గజ్జికి కూడా పూస్తారు. అందులో ఉన్నది ఉత్త నూనె కాదు. అరిగిన లోహాల పొడి, మసి, కాలకుండా మిగిలిన ఇంధనం, వేడికి పుట్టిన విష పదార్థాలు ఉంటాయి. శుద్ధి చేయని ఖనిజ నూనెలు మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింది క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. వాడిన ఇంజిన్ ఆయిల్ చర్మానికి పదేపదే తగలకుండా గ్లౌజులు వేసుకోమనేది అందుకే. ఒక్క కారు నుంచి తీసిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల, అంటే సుమారు 38 లక్షల లీటర్ల మంచినీళ్లను పాడుచేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. మా మోరీ వాగులో కలుస్తుంది, మా వాగులు మంజీరలో కలుస్తాయి, మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది.

నిజానికి ఆ ఆయిల్ చెత్త కాదు, సరుకు. ఇంజిన్లో తిరిగినంత మాత్రాన మూల నూనె అరిగిపోదు, అందులో మురికి చేరుతుంది, కలిపిన మందులు ఖర్చవుతాయి. శుద్ధి చేస్తే మళ్లీ ఆయిల్ అవుతుంది. గ్యారేజీల్లో మేం దించిన ఆయిల్ డ్రమ్ముల్లో చేరేది, వేలంలో పోయేది. ఒక్క చుక్క మోరీలో పోసినా ఫోర్‌మన్ ఊరుకునేవాడు కాదు. ప్రమాదకర వ్యర్థాల మీద కొత్త నిబంధనలు 2016లో వచ్చాయి. 2023లో వాటిని సవరించి, ల్యూబ్ ఆయిల్ తయారు చేసేవాళ్లూ దిగుమతి చేసేవాళ్లూ వాడిన ఆయిల్ తిరిగి శుద్ధికి చేరేలా చూసే బాధ్యత మోయాలన్నారు. 2024 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. కాగితం మీద బాగుంది. కానీ కంగ్టి కుర్రవాడు క్యాను పట్టుకుని ఎక్కడికి పోవాలి? అతనికి డ్రమ్ము కనబడనప్పుడు చట్టం ఉన్నా లేనట్టే. కాలిఫోర్నియా 1991లోనే ఇందుకోసం చట్టం చేసి, అమ్మిన ఆయిల్ మీద రుసుము వేసి, ఆ డబ్బుతో సేకరణ కేంద్రాలు నడిపిస్తోంది. అక్కడున్న మా అన్న కొడుకు ఇంటి దగ్గర ఆయిల్ మార్చుకుని, పాతది స్పేర్ పార్టుల దుకాణంలో ఇచ్చి వస్తాడు.

నేను అడిగేది పెద్ద ప్రాజెక్టు కాదు. మండల కేంద్రంలో ఒక సిమెంటు పిట్టు, దాని పక్కన మూత ఉన్న డ్రమ్ము. పిట్టులో మనిషి నిలబడి పని చేస్తాడు, బండి తన చక్రాల మీదే ఉంటుంది. మీద పడే భయం ఉండదు. అయితే పిట్టు అంటే ఉత్త గుంత తవ్వి వదిలేయడం కాదు. రెండు వైపులా దిగే మెట్లు, చక్రం జారకుండా అంచు, ఖాళీగా ఉన్నప్పుడు కప్పే పలకలు కావాలి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు కాబట్టి గుంతలోనే పేరుకుంటుంది. అందువల్ల గాలి ఆడాలి, బీడీ వెలిగించేవాణ్ని దగ్గరికి రానివ్వకూడదు. సహకార సంఘం ఆవరణలోనో, మార్కెట్ యార్డులోనో జాగా చూస్తే ట్రాక్టర్లకూ పనికొస్తుంది.

దీంతో మెకానిక్‌ల పొట్ట కొట్టినట్టవుతుందని కొందరంటారు. నేనూ మెకానిక్‌నే. పిట్టు నడిపే బాధ్యత వాళ్లకే ఇవ్వాలంటాను. వాడుకున్నవాడు వాళ్లకు రుసుము కడతాడు, కొత్తవాడి పక్కన నిలబడి బోల్టు చూపిస్తే దానికీ డబ్బులిస్తాడు. రోజూ చెట్టు కింద వీపు మీద పడుకుని పనిచేసే వాళ్లకే ఈ పిట్టు అందరికంటే ఎక్కువ అవసరం. పంచాయతీకి డబ్బులెక్కడివి అని ఇంకొందరంటారు. డ్రమ్ముకు పంచాయతీ పైసా పెట్టనక్కర్లేదు. ఇండియన్ ఆయిల్ సర్వో అమ్ముతుంది, భారత్ పెట్రోలియం మ్యాక్ అమ్ముతుంది, హిందుస్థాన్ పెట్రోలియం తన పేరుతోనే ల్యూబ్ అమ్ముతుంది. చట్టం బాధ్యత పెట్టింది వీళ్ల మీదే, పెట్రోల్ బంకులున్నదీ వీళ్లకే. ఆయిల్ అమ్మే ప్రతి బంకులో వాడిన ఆయిల్ తీసుకునే డ్రమ్ము తప్పనిసరి చేస్తే సగం సమస్య తీరుతుంది.

అది జరిగేదాకా మీ పాత ఆయిల్‌ను ఖాళీ అయిన డబ్బాలోనే తిరిగి పట్టి, మూత బిగించి, పిల్లలకు అందకుండా పెట్టండి. నీళ్లు, పెట్రోల్, కూలెంట్ అందులో కలపకండి, కలిస్తే శుద్ధికి పనికిరాదు. డ్రమ్ము నింపి పెద్ద వ్యాపారికి అమ్మే మెకానిక్ నారాయణఖేడ్‌లో తెలిసినవాడుంటే అతనికి ఇచ్చి, ఆ డబ్బాకు బొక్క పెట్టి పారేయండి. లేదంటే అందులో నకిలీ ఆయిల్ నిండి మీ దగ్గరికే వస్తుంది. కొత్త ఆయిల్ డబ్బా మూడు జిల్లాలు దాటి కంగ్టి కిరాణా దుకాణం దాకా రాగలుగుతోంది. పాత ఆయిల్ అదే లారీలో వెనక్కి పోయే ఏర్పాటు చేయమని కంపెనీలను అడగాల్సింది కాలుష్య నియంత్రణ మండలి. ఆ మండలిని అడగాల్సింది మన ఎమ్మెల్యేలు, మన జిల్లా అధికారులు. వాళ్లను అడగాల్సింది మనం.