మొన అందని బిడ్డకు...

కాన్పయి మూడో రోజు. తల్లికి పాలు పడ్డాయి, రొమ్ములు రాయిలా బిగుసుకున్నాయి. బిడ్డ నోరు తెరుస్తుంది, అటూ ఇటూ వెతుకుతుంది, పట్టు దొరక్క గుక్కపట్టి ఏడుస్తుంది. పక్కనున్న అవ్వ చూసి తేల్చేస్తుంది. ‘మొన లోపలికుంది, పిల్లకు అందడంల్యా’ అని. ఆ మాట పడ్డాక రాయదుర్గంలోనైనా, చుట్టుపక్కల పల్లెల్లోనైనా జరిగేది దాదాపు ఒకటే. బిడ్డ తండ్రి మెడికల్ షాపుకు పరుగెడతాడు. తెచ్చేది డబ్బా పాలూ పాలసీసా కావచ్చు, లేదా అరచేతిలో ఇమిడే చిన్న ప్లాస్టిక్ పెట్టె కావచ్చు. ఆ పెట్టెలో ఉండేదే నిపిల్ షీల్డు.

చూడ్డానికి బొమ్మకు పెట్టే టోపీలా ఉంటుంది. పలుచని సిలికాన్‌తో చేస్తారు. మధ్యలో మొనలాంటి ఎత్తు, దాని కొసన మూడు నాలుగు సన్నని రంధ్రాలు. చనుమొన మీద పెడితే అతుక్కుంటుంది. మొన చదునుగా ఉన్నా, లోపలికి పోయినా బిడ్డ అంగిలికి తగిలేదొకటి దొరుకుతుంది కాబట్టి చప్పరించడం మొదలుపెడుతుంది. కొనడానికి డాక్టరు చీటీ అక్కర్లేదు. ఎలా పెట్టుకోవాలో పెట్టె మీద ఇంగ్లిషులో ఉంటుంది. ఎవరికి కావాలో, ఎన్నాళ్లు వాడాలో, ఎప్పుడు మానాలో చెప్పే మనిషి మాత్రం పెట్టెతో పాటు రాడు. చిక్కంతా అక్కడే.

షీల్డు మంచిదా చెడ్డదా అని అడిగితే డాక్టర్లే రెండు రకాలుగా చెబుతారు. దానికి కారణం దాని చరిత్రలో ఉంది. ఐరోపాలో కొన్ని వందల ఏళ్ల కిందటే తల్లులు మైనంతో, కర్రతో, వెండితో, చివరికి సీసంతో చేసిన తొడుగులు వాడారు. సీసపు తొడుగుల వల్ల పసిబిడ్డలకు విషం ఎక్కిన ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. తర్వాత దళసరి రబ్బరువి వచ్చాయి. ఇంగ్లండులో వూల్‌రిడ్జ్, ఆయన సహచరులు 1980లో పరీక్షించి చూస్తే, వెడల్పాటి అంచున్న పాతరకం రబ్బరు తొడుగుతో బిడ్డకు అందే పాలు 58 శాతం తగ్గాయి. అప్పుడే కొత్తగా వచ్చిన పలుచని రకంతోనూ 22 శాతం తగ్గాయి. ‘షీల్డు పెడితే పాలు ఎండిపోతాయి’ అని పెద్ద డాక్టర్లు ఇప్పటికీ అంటున్నారంటే ఆ కాలపు అనుభవమే మూలం.

అమెరికాలో పౌలా మేయర్ బృందం 2000లో ప్రచురించిన అధ్యయనం వేరే కథ చెప్పింది. నెలలు నిండక పుట్టిన 34 మంది బిడ్డలను చూశారు. షీల్డు లేకుండా ఒక్కసారికి సగటున 3.9 మిల్లీలీటర్లు తాగినవాళ్లే, పలుచని సిలికాన్ షీల్డుతో 18.4 మిల్లీలీటర్లు తాగారు. అలాంటి బిడ్డ నాలుగు గుక్కలు తాగి ఆగితే మొన నోట్లోంచి జారిపోతుంది. షీల్డు ఉంటే ఆగినా అది నోట్లోనే నిలబడుతుంది, మళ్లీ మొదలుపెట్టడం సులువు. ఒకే వస్తువు ఒక బిడ్డ పాలు తగ్గిస్తే ఇంకో బిడ్డకు నాలుగింతలకు పైగా తాగించింది! కాబట్టి అడగాల్సింది షీల్డు సంగతి కాదు, ఈ బిడ్డకు పట్టు ఎందుకు దొరకడం లేదన్న సంగతి.

చాలాసార్లు మొన తప్పేమీ ఉండదు. పాలు ఒక్కసారిగా నిండి రొమ్ము బిగుసుకుంటే బాగున్న మొన కూడా చదునైపోతుంది. సిజేరియన్‌కు సెలైన్లు ఎక్కించుకున్నవాళ్లలో వాపు వల్ల ఇది ఇంకా ఎక్కువ. అప్పుడు చేయాల్సింది తేలికే. వెచ్చటి గుడ్డ పెట్టి, మొన చుట్టూ నల్లగా ఉండే చోట వేళ్లతో మెల్లగా వత్తి కొన్ని పాలు పిండేస్తే అక్కడ మెత్తబడుతుంది, బిడ్డ పట్టేస్తుంది. అసలు బిడ్డ తాగేది మొనతో కాదు. ఆ నల్లటి భాగం చాలావరకు నోట్లోకి పోవాలి. పెదవులు బయటికి తిరగాలి, గడ్డం రొమ్ముకు ఆనాలి. మొన ఒక్కటే నోట్లో ఉంటే తల్లికి పగుళ్లు, బిడ్డకు ఆకలి. మొన పగిలిందని షీల్డు కొనేవాళ్లు చాలామంది. పట్టు సరిచేయకుండా షీల్డు పెడితే పుండు మీద గుడ్డ కప్పినట్టే. పాలూ దిగవు, పుండూ మానదు.

నిజంగానే మొన లోపలికి ఉన్న తల్లులు లేకపోలేదు. వాళ్ల కోసం ఓ ఉపాయం పుట్టింది రాయదుర్గానికి మరీ దూరంలో కాదు. మొలకాల్మూరు మీదుగా చిత్రదుర్గం దాటి పోతే దావణగెరె వస్తుంది. అక్కడ జేజేఎం మెడికల్ కాలేజీలో పిల్లల వైద్యురాలు డాక్టర్ నిర్మలా కేసరీ, డాక్టర్ బాణాపురమఠ్, మరికొందరు సహచరులు కలిసి వాడి పారేసే సిరంజితో లోపలికి పోయిన మొనను బయటికి తెచ్చే పద్ధతి చేసి చూశారు. 1993లో ‘జర్నల్ ఆఫ్ హ్యూమన్ లాక్టేషన్’ అనే అంతర్జాతీయ పత్రికలో అది అచ్చయింది. తల్లిపాల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ ఇచ్చే శిక్షణలోకీ ఎక్కింది. కరవు సీమ సరిహద్దులో, కొన్ని రూపాయల సిరంజితో చేసిన పని! మన ఊళ్ల మెడికల్ షాపుల్లో విదేశీ షీల్డు దొరికినంత సులువుగా ఈ కబురు మాత్రం దొరకదు.

పద్ధతి ఇదీ. సూది లేని కొత్త సిరంజి, పది లేదా ఇరవై మిల్లీలీటర్లది తీసుకోవాలి. సూది అమర్చే కొసను అడ్డంగా కోసేయాలి. లోపలి కాడను బయటికి లాగి, కోసిన వైపు నుంచి దూర్చాలి. అప్పుడు నున్నగా ఉన్న రెండో అంచు రొమ్ముకు ఆనుతుంది. కోసిన గరుకు అంచు చర్మానికి తగలకూడదు. మొన మీద ఆనించి, నొప్పి పుట్టనంత మెల్లగా కాడను లాగి అర నిమిషం నుంచి నిమిషం పాటు ఉంచాలి. బిడ్డకు పాలిచ్చే ముందు ఇలా చేస్తే మొన పైకి లేస్తుంది, వెంటనే బిడ్డను పట్టించాలి. లాగేది తల్లే అయితే మేలు, ఎంత లాగితే నొప్పో ఆమెకే తెలుస్తుంది. మొదటిసారి మాత్రం నర్సమ్మ దగ్గర చూసి నేర్చుకోవాలి.

ఇదంతా కాన్పు తర్వాతి మాట. ఏడో నెల నుంచే మొన లాగుతూ ఉండమని గర్భిణులకు చెప్పే అలవాటుంది. బ్రిటన్‌లో 1992లో అచ్చయిన పరిశోధనలో కాన్పుకు ముందు చేసే ఆ వ్యాయామాలతో ఫలితమేమీ తేలలేదు. ఊరికే ‘నా మొన బాగాలేదు’ అన్న దిగులు పెంచుకోవడం తప్ప.

ఇన్ని చేసినా పట్టు దొరకని బిడ్డలుంటారు. నెల తక్కువ వాళ్లు, నాలుక కింద నరం బిగుతుగా ఉన్నవాళ్లు, ముందే పాలసీసా పీకకు అలవాటుపడి రొమ్ము వద్దనేవాళ్లు. వాళ్లకు షీల్డు అక్కరకొస్తుంది. దాన్ని చిన్నచూపు చూడటమూ తగదు. ఎందుకంటే ఈ ప్రాంతంలో షీల్డు కాదంటే మిగిలేది చాలాసార్లు డబ్బా.

డబ్బా పాలకు నీళ్లు ఎక్కడివి?

అనంతపురం దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. చాలా చోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉంది. నీళ్లు కాచితే క్రిములు చస్తాయి కానీ ఫ్లోరైడు పోదు. ఆ నీళ్లతో కలిపిన డబ్బా పాలకంటే తల్లిపాలు ఎన్నో రెట్లు నయం. తల్లి తాగే నీళ్లలో ఫ్లోరైడున్నా పాలలోకి వచ్చేది అతి తక్కువ. ఇక వేసవిలో నోరెండిపోతుందని నెలల బిడ్డకు చెంచాతో నీళ్లు పోస్తుంటారు. తల్లిపాలలో దాదాపు 87 శాతం నీళ్లే. ఆరు నెలల దాకా ఎంత ఎండలోనైనా వేరే చుక్క అక్కర్లేదు. ఆ నీళ్లకు పొట్ట నిండితే బిడ్డ రొమ్ము తక్కువగా పడుతుంది. తాగకపోతే పాలు తగ్గుతాయి. హగరి ఇసుకలో చెలమ తీసినవాళ్లకు ఈ లెక్క తెలిసిందే. తోడినకొద్దీ ఊరుతుంది, తోడకపోతే ఇసుక పూడుతుంది.

ఇంకో తొందరా ఉంది. రాయదుర్గమంటే జీన్స్. ఎన్నో ఇళ్లల్లో కుట్టు మిషన్లు ఆడుతుంటాయి, దారాలు కత్తిరించడం, గుండీలు వేయడం లాంటి పనులకు పీసుకింత అని కూలి. చట్టం చెప్పే 26 వారాల ప్రసూతి సెలవు పీసుల లెక్కన కూలి తీసుకునే తల్లి దాకా రాదు. నడుం నిలబడగానే పనిలో కూర్చోవాలి. అరగంట కూర్చుని పట్టు నేర్పే ఓపిక ఎవరికుంటుంది? షీల్డు పెట్టగానే బిడ్డ ఏడుపు ఆపితే అదే పదివేలు అనిపిస్తుంది. తప్పు పట్టేదేముంది! కానీ బిడ్డ ఏడుపు ఆగడం వేరు, పొట్ట నిండటం వేరు.

పెట్టుకోవడం, తీసేయడం

మొదటి రెండు రోజులు షీల్డు జోలికి పోకపోవడమే మంచిది. అప్పుడు వచ్చేవి ముర్రుపాలు. చిక్కగా, కొద్దిగా, ఒక్కోసారికి ఓ చెంచాడు ఉంటాయి. షీల్డు రంధ్రాల్లోంచి దిగేదెంత, తొడుగుకే అంటుకునేదెంత! వాటిని చేత్తో పిండి ఉగ్గుగిన్నెతో తాగించడం మేలు. ఆసుపత్రుల్లో నెల తక్కువ బిడ్డలకు పాలు పట్టే గిన్నె మన అవ్వల ఉగ్గుగిన్నెకు తోబుట్టువే. సీసా కంటే దాన్ని కడగడమూ తేలికే.

పాలు పడ్డాక షీల్డు కావాల్సి వస్తే కొలత చూడాలి. 16, 20, 24 మిల్లీమీటర్లు... ఇలా వస్తాయి. మొనకు బిగుతుగా ఉంటే ఒరుసుకుపోతుంది, బిడ్డ నోటికి మరీ పెద్దదైతే ఓకరింత వస్తుంది. అంచును వెచ్చటి నీళ్లతో తడిపి, సగం వెనక్కి మడిచి, మొన మీద ఆనించి మడత విప్పాలి. అలా చేస్తే మొన కాస్త లోపలికి లాగబడుతుంది. అంచులో ఓ పక్క కోత ఉన్న రకమైతే, ఆ కోత బిడ్డ ముక్కు వైపు రావాలి. బిడ్డ నోరు బాగా తెరిచి తొడుగు అడుగుదాకా పట్టాలి. కొసనే చప్పరిస్తుంటే పీక చీకినట్టే. వాడిన ప్రతిసారీ సబ్బునీళ్లతో కడగాలి, రోజుకోసారి నీళ్లలో మరిగించాలి.

పాలు దిగుతున్నాయో లేదో పట్టుకోవడానికి గుర్తులున్నాయి. మింగే చప్పుడు వినిపించాలి. తీసి చూస్తే తొడుగు కొసలో పాలుండాలి. తాగాక రొమ్ము మెత్తబడాలి. అయిదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లయినా బిడ్డ మూత్రం పోయాలి. వీటన్నిటికంటే నమ్మదగినది తూకం. పుట్టిన మొదటి రోజుల్లో బరువు కాస్త తగ్గడం మామూలే, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు చేరాలి. ఆసుపత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. బిడ్డను తూయడం ఆమె పనే. ఆమె వచ్చినప్పుడు షీల్డును దిండు కింద దాచే తల్లులున్నారు, అత్తగారికో నర్సమ్మకో జడిసి. దాచకూడదు. షీల్డు వాడే బిడ్డకు తూకం ఇంకా తరచుగా కావాలి. మొదట్లో తాగించాక మిగిలిన పాలు చేత్తో పిండి గిన్నెతో పట్టిస్తే తల్లికి పాలూ తగ్గవు. బరువు పెరగకపోయినా, రొమ్ములో గడ్డ కట్టి జ్వరం వచ్చినా, బిడ్డ మగతగా ఉండి పాలకు లేవకపోయినా ఆగకుండా రాయదుర్గం ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక మానిపించడం. చాలామంది బిడ్డలు కొన్ని వారాల్లో బలం పుంజుకుని షీల్డు వదిలేస్తారు. బిడ్డ ఆకలితో అల్లాడేటప్పుడు తీసేస్తే మాత్రం ఒప్పుకోదు. షీల్డుతోనే మొదలుపెట్టి, పాలు చేపి బిడ్డ సగం తాగి మెత్తబడ్డాక చటుక్కున తీసి రొమ్ము అందించాలి. సగం నిద్రలో ఉన్నప్పుడు, రాత్రిపూట, ఒంటికి ఒళ్లు ఆనించి పడుకోబెట్టుకున్నప్పుడు ఎక్కువగా పనిచేస్తుంది. పట్టకపోతే పోనీ, మళ్లీ పెట్టి తాగించి రేపు చూసుకోవచ్చు. షీల్డు కొసను రోజుకింత కత్తిరిస్తే బిడ్డకు తెలియకుండానే మానిపోతుందని ఓ సలహా ఉంది. ఆ పని చేయొద్దు. కోసిన సిలికాన్ అంచు బిడ్డ నోటికి గీసుకుంటుంది.