అమ్మని అడిగామా?

రెండేళ్ల క్రితం మేం విజయవాడ నుంచి హైదరాబాద్ షిఫ్ట్ అయ్యాం. దూరం 275 కిలోమీటర్లే. నాన్న జీతం పెరిగింది, నాకు కాలేజీ దగ్గరైంది, మియాపూర్‌లో మెట్రో ఎక్కితే ట్రాఫిక్ గొడవ లేదు. అంతా లాభమే అనుకున్నాం.

కాగితాల పని కూడా అనుకున్నంత కష్టం కాలేదు. గ్యాస్ సిలిండర్, రెగ్యులేటర్ అప్పజెప్పి ట్రాన్స్‌ఫర్ వోచర్ తీసుకున్నాం. ఓటు మార్చుకోవడానికి ఫారం 8 నింపాం.

కానీ అమ్మ సత్యనారాయణపురంలో పద్నాలుగేళ్లు జాకెట్లు కుట్టింది. పండగొస్తే అర్ధరాత్రి దాకా మిషన్ ఆగేది కాదు. ఇక్కడ ఆ మిషన్ మీద మడతపెట్టిన బట్టలు పెడుతున్నాం. ఆ కస్టమర్లని ట్రాన్స్‌ఫర్ చేసే ఫారం ఎక్కడా లేదు. "అక్కడైతే నా ఖర్చులకి నా డబ్బులుండేవి రా" అని మొన్న అమ్మ అంటే నాకేం చెప్పాలో తెలియలేదు. బయల్దేరే ముందు మేమెవ్వరం ఈ లెక్క వెయ్యనే లేదు.

ఊరు మారడం తప్పని నేననను. కానీ ఎవరికి ఏం వస్తుందో లెక్కేసినప్పుడు, ఎవరికి ఏం పోతుందో కూడా వెయ్యాలి. పోయినదాన్ని మళ్లీ నిలబెట్టే పని ఇంట్లో అందరిదీ. మొన్న లిఫ్ట్ పక్కన "జాకెట్లు కుట్టబడును" అని కాగితం అంటించాను. ఇప్పటికి ఇద్దరొచ్చారు.

మీ ఇంట్లో షిఫ్టింగ్ మాటొస్తే, ముందు అమ్మని అడగండి.