మేనకోడలికి ఎచ్చెర్ల చాలదా?

మొన్న రాత్రి మా బావ ఫోను. "గుంటకి పదిలో 581 వచ్చాయిరా. ట్రిపుల్ ఐటీ సీటు ఖాయం అంటన్నారు. ఏటి చేద్దాం? అందులో పడేద్దామా, విజయవాడ పంపించేద్దామా?"

"పడేద్దామా" అన్న దగ్గరే నాకు ఒళ్లు మండింది. సీటు రానివాళ్లు దేవుళ్లకి మొక్కుకుంటారు, వచ్చేవాళ్లకి మాత్రం అది లోకువ.

మాది రాజాం దగ్గర పల్లె (2022 దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం. మేం మాత్రం కదల్లేదు). మాలాంటి ఊళ్ల పిల్లల కోసమే 2008లో ఆర్జీయూకేటీ పెట్టారు. ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు ఒకప్పుడు దానికి చాన్సలర్‌గా ఉండేవారు. శ్రీకాకుళం క్యాంపస్ 2016లో వచ్చింది, ఎచ్చెర్ల మండలంలో ఉంది. పదో తరగతి మార్కులే కొలమానం, సర్కారు బడి పిల్లలకి వాటి మీద 4 శాతం కలుపుతారు. రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్, హాస్టల్లోనే ఉండాలి.

బావ లెక్కంతా ఐఐటీ వస్తే ఏమవుతుందన్నదే. రాకపోతే? ఆ లెక్క నాకు తెలుసు. ఇంటర్ రెండేళ్లూ నేనొక కార్పొరేట్ హాస్టల్లో ఉన్నాను (పేరు అనవసరం). వారం వారం ర్యాంకులు గోడకి అంటించేవారు. నా పేరు కిందకి జారినప్పుడల్లా ఇంటికి ఫోను చెయ్యడం మానేసేవాణ్ణి. నాన్న దానికోసం అరెకరం అమ్మారు. చివరికి చేరింది మామూలు ఇంజనీరింగ్ కాలేజీలోనే. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక్కరంటే ఒక్కరు నా ర్యాంకు అడగలేదు. ఇంటర్వ్యూలు చేసేటప్పుడు నేనూ ఎవర్నీ అడగను. కోడు రాయించి చూస్తాను, అంతే.

అలాగని ఎచ్చెర్ల స్వర్గం అనడం లేదు. పదిహేనేళ్ల పిల్ల ఆరేళ్లకి ఒకేచోట కుదురుకోవాలి. డాక్టరు అవుదామన్న ఆశ ఏ మూలో ఉంటే ఇది దారి కాదు. రెగ్యులర్ అధ్యాపకులెంతమంది, కాంట్రాక్టు మీద ఎంతమంది, కోరిన బ్రాంచి దొరుకుతుందా అన్నవి ముందే కనుక్కోవాలి. ఇంటర్ చదివి ఈఏపీసెట్ రాసినా ఇంటికి దగ్గర్లో విజయనగరం జేఎన్‌టీయూ ఉంది. 2007లో కాలేజీగా మొదలై, 2022లో గురజాడ పేరుతో యూనివర్సిటీ అయింది. కాబట్టి ఎచ్చెర్ల వద్దనుకుంటే విజయవాడే గతి అని కూడా ఏం లేదు.

ఇదంతా బావకి చెప్పాను. "నీకేంరా, ఉద్యోగం ఉంది కాబట్టి చెప్తావు" అన్నాడు. అదీ నిజమే.

అప్పుడు గుర్తొచ్చింది, అసలు మనిషిని ఇద్దరం ఇంతవరకూ అడగలేదని. ఫోను ఇమ్మన్నాను.

"మామయ్యా, అక్కడ లైబ్రరీ రాత్రిళ్లు కూడా తీసుంటుందా?" అంది.

ఈ శనివారం బయల్దేరుతున్నాను, ముగ్గురం వెళ్లి చూసొస్తాం. శ్రీకాకుళం రోడ్డుకి తత్కాల్‌లో వెయిటింగ్ లిస్టు 14.