డెబ్బై కిలోల కుంపటి

గోదావరిఖనిలో క్వార్టరు మారడం పెద్ద విశేషమేం కాదు. బదిలీ వచ్చిందనో, పెద్ద క్వార్టరు దొరికిందనో, రిటైరై సొంతింటికి వెళ్తున్నారనో... ఏదో ఒక కాలనీలో ఎవరో ఒకరు ట్రాలీ ఆటోలో సామాను ఎక్కిస్తూనే ఉంటారు. మంచం విప్పుతారు. బీరువా ఖాళీ చేస్తారు. రుబ్బురోలును మాత్రం ఎవరూ ఎత్తరు, దొర్లించుకుంటూ గుమ్మం దాటిస్తారు.

ఆ కాలనీల్లోనే పెరిగి, చదువుకుని అమెరికా చేరిన పిల్లల ఇంటికి అమ్మానాన్నలు వెళ్తే, పెరట్లో ఒక కొత్త సామాను కనిపించొచ్చు. పెద్ద గుడ్డులా ఉంటుంది. పైన మూత, మూత మీద చిన్న పొగగొట్టం, కింద గాలి పోవడానికి ఓ కంత. మాంసం, చేపలు, మొక్కజొన్న కంకులు నిప్పుల మీద కాల్చుకునే పింగాణీ పొయ్యి అది. పేరు కమాడో. వారాంతం విందుల్లో దాని రుచిని అందరూ మెచ్చుకుంటారు. ఇల్లు మారే రోజున మాత్రం దాని దగ్గరికి రావడానికి ఎవరూ ముందుకు రారు. ఎందుకంటే అది రోలంత బరువు, కుండంత సున్నితం!

జపాన్ నుంచి అట్లాంటాకి...

జపాన్ భాషలో కమాడో అంటే పొయ్యి అనే అర్థం. అక్కడ అన్నం వండుకునే మట్టి పొయ్యిలను రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా సైనికులు తమ దేశానికి పట్టుకెళ్లారు. 1974లో అట్లాంటాలో ఎడ్ ఫిషర్ అనే వ్యాపారి వాటిని అమ్మడం మొదలుపెట్టాడు. మట్టివి తొందరగా పగిలిపోతుండటంతో తర్వాత వేడిని బాగా తట్టుకునే పింగాణీతో చేయించాడు. అదే ‘బిగ్ గ్రీన్ ఎగ్’. ఇప్పుడు ఇంకా చాలా కంపెనీలు ఇలాంటివి చేస్తున్నాయి. ఇంట్లో వాడే పెద్ద సైజు పొయ్యి 70 కిలోల పైమాటే. ఇంకా పెద్దదైతే 100 కిలోలు కూడా దాటొచ్చు.

పింగాణీది ఓ వింత గుణం. మీద ఎంత బరువు పెట్టినా, ఎంత వేడి చేసినా ఓర్చుకుంటుంది. అంచుకు చిన్న దెబ్బ తగిలితే మాత్రం పగులిచ్చేస్తుంది. అందుకే రోలును దొర్లించినట్టు దీన్ని దొర్లించకూడదు.

నిప్పు నిజంగా ఆరిందా?

విప్పడానికి ముందు చూడాల్సింది బరువు కాదు, నిప్పు. ఈ సంగతి సింగరేణి కార్మికుడికి ఒకరు చెప్పక్కర్లేదు.

కమాడో పనిచేసే తీరు చూస్తే అదో చిన్న గనిలాగే ఉంటుంది. కింది కంతలోంచి మంచిగాలి లోపలికి వస్తుంది, వేడిగాలి పై గొట్టంలోంచి బయటికి పోతుంది. రెండూ తెరిస్తే మంట పెరుగుతుంది, రెండూ మూస్తే గాలందక తగ్గుతుంది. అయితే తగ్గడం వేరు, ఆరడం వేరు. గనిలో ఓ మూల నిప్పు రాజుకుంటే ఆ భాగానికి అడ్డంగా గోడలు కట్టి గాలి ఆపేస్తారు. మంట అణిగిపోతుంది. కానీ లోపలి బొగ్గు ఎన్నో రోజులు వేడిగానే ఉంటుంది. తొందరపడి గోడ తెరిస్తే గాలి తగిలి మళ్లీ అంటుకుంటుంది. అందుకే లోపలి గాలిని పరీక్షించిగానీ తెరవరు.

కమాడోదీ ఇదే లెక్క. మందపాటి గోడలు వేడిని గంటల తరబడి పట్టి ఉంచుతాయి. బూడిద కింద నిప్పు కణికలు దాక్కుని ఉంటాయి. మూత ఒక్కసారిగా ఎత్తితే లోపలికి గాలి దూసుకెళ్లి మంట ముఖం మీదికి ఎగుస్తుంది. వేడిగా ఉన్నప్పుడు మూతను ముందు రెండంగుళాలు మాత్రమే ఎత్తి, కాసేపు ఆగి, ఆ తర్వాతే పూర్తిగా తెరవాలి. ఇల్లు మారే ముందైతే కనీసం ఒక రోజంతా పొయ్యి వెలిగించకుండా వదిలేయాలి. బూడిదను ఇనుప బకెట్లోకి ఎత్తి, నీళ్లు చల్లి, ఇంటికి దూరంగా ఉంచాలి. అట్టపెట్టెలోనో ప్లాస్టిక్ సంచిలోనో పోస్తే సామానుతోపాటు వ్యానూ అంటుకుంటుంది.

విప్పడానికో వరస

కొడుకు ఇల్లు మారుతున్నాడు. తండ్రి గనిలో పనిచేసి రిటైరైన మనిషి అనుకుందాం. ఇలాంటి మాటలే నడుస్తాయి.

‘‘బాపూ, నువ్వు ఆ పక్క పట్టు. ఒక్క దెబ్బకు ఎత్తేద్దాం.’’

‘‘ఆగు బిడ్డా! లోపల సామాను పెట్టుకొని ఎవడన్న ఎత్తుతడా? ముందు ఖాళీ చెయ్యి.’’

బాపు చెప్పిందే సరైన పద్ధతి. పై గొట్టం మీది ఇనుప మూత, కాల్చే జాలీ, దాని కింది పింగాణీ పలక, నిప్పుల గిన్నె మీది వలయం, నిప్పుల గిన్నె, అడుగున బూడిద రాలే జల్లెడ... పైనుంచి కిందికి ఒక్కొక్కటే తీయాలి. ఇవన్నీ విడివిడిగా వచ్చేవే. అవి బయటికి వచ్చేసరికి బరువు కొంత తగ్గుతుంది. ఒక్కోదాన్ని పాత దుప్పటిలో చుట్టి, వేర్వేరు పెట్టెల్లో పెట్టాలి. పింగాణీ ముక్కలు ఒకదానికొకటి తగలకూడదు.

దూరం ప్రయాణమైతే మూత కూడా విప్పాలి. అసలు జాగ్రత్త ఇక్కడే. మూతనూ అడుగు భాగాన్నీ పట్టి ఉంచేవి ఉక్కు పట్టీలు. వెనక ఉండే బందులో స్ప్రింగులు బిగువు మీద ఉంటాయి. పట్టీ నట్టు వదులుచేయగానే బందు పైకి ఎగిరి చేతికో ముఖానికో తగలొచ్చు. అందుకని మూత వేసి ఉంచి, ముందు బందును గట్టి తాడుతో కట్టేయాలి. ఒకరు మూత పట్టుకుంటే, ఇంకొకరు నట్లు విప్పాలి. ఏ మోడల్‌కి ఏ వరసో కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. అది చూడకుండా స్పానర్ పట్టుకోవద్దు. తీసిన మూతను ఉత్త సిమెంటు మీద కాకుండా బొంత మీద పెట్టాలి.

అడుగు భాగాన్ని ఇద్దరు కిందినుంచి పట్టి ఎత్తాలి. నడుం వంచకుండా మోకాళ్లు వంచాలి. పక్క పలకలు, పిడి పట్టి ఎత్తితే అవి ఊడి చేతికొస్తాయి. చక్రాల స్టాండు ఉంటే ముందుకు నెట్టకుండా వెనక్కి లాగాలి. నెడితే ముందు చక్రం చిన్న రాయికి తట్టుకున్నా మొత్తం బోర్లా పడుతుంది. వ్యానులో నిటారుగా నిలబెట్టి, చుట్టూ పరుపులు పెట్టి, కదలకుండా బెల్టుతో కట్టాలి.

మన తందూరు సంగతేంటి?

హోటళ్లు, దాబాల్లో ఉండే తందూరుదీ ఇదే కుటుంబం. లోపల మట్టి కుండ, బయట డ్రమ్ము, మధ్యలో వేడి పోకుండా నింపిన ఇసుకో మరొకటో ఉంటుంది. వాడగా వాడగా కుండలో సన్నటి బీటలు పడతాయి. దాన్ని అలాగే లారీ ఎక్కిస్తే గతుకుల రోడ్డు మీద ఆ బీటలు నోళ్లు తెరుస్తాయి. డ్రమ్మును దాచుకుని, కొత్త చోట కొత్త కుండ దింపుకోవడమే చాలాసార్లు లాభం.

పొగ పోయింది, ప్రమాదం పోలేదు

కొత్త ఇంట్లో బిగించాక మూత ఎత్తేముందు పట్టీల నట్లు ఇంకోసారి చూడాలి. వదులుగా ఉంటే మూత జారి పడుతుంది. దారిలో తడిసి ఉంటే మొదటి రోజు సన్న సెగ మీదే ఆరనివ్వాలి. పింగాణీలో చేరిన నీరు ఒక్కసారిగా ఆవిరైతే పగుళ్లిస్తుంది.

ఇందులో వాడేది కట్టెబొగ్గు మాత్రమే. గనిలోంచి వచ్చే నేలబొగ్గు వంటకు పనికిరాదు. దాని గంధకం, తారు పొగ తిండికి పడతాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. వెనకటికి బొగ్గుల పొయ్యిని వాకిట్లో రాజేసి, పొగ పోయాక ఇంట్లోకి తెచ్చుకునేవారు. పొగ లేదు కాబట్టి భయం లేదనుకునేవారు. కానీ ఎర్రగా కాలే నిప్పుల్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. తలుపులు మూసిన గదిలో నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వాన పడుతోందని కమాడోను గ్యారేజీలోకి లాగి వెలిగించినా, పూర్తిగా ఆరకముందే లోపల పెట్టినా అదే ముప్పు. గనిలో షిఫ్టు దిగేముందు సర్దార్ గాలి చూసి సరేనంటేనే మిగతావాళ్లు అడుగు వేస్తారు. పెరటి పొయ్యికి సర్దార్ ఉండడు. ఆ డ్యూటీ ఇంటివాళ్లే చేసుకోవాలి.