మూలమును మించిన అనుసరణము

కథకు మూలమెల్లప్పుడును శ్రేష్ఠమనియు, దాని ననుసరించి పిమ్మట పుట్టినది హీనమనియు మనలో ననేకుల యభిప్రాయము. ‘ఎంగిలి కథ’ యను తిరస్కారము పెద్దల నోట తఱచుగా వినవచ్చుచున్నది. ఈ యభిప్రాయము పూర్తిగా సరియైనది కాదని నా తలంపు. అనుసరించువాడు వివేకి యైనచో రెండవమాఱు చెప్పబడిన కథ మొదటిదానికంటె మేలుగా నుండవచ్చును. ఇందుకు దూరదేశపు నిదర్శన మొకటియు, మన రాయలసీమకు సంబంధించినది మఱియొకటియు చూపెదను.

మన పైతరగతుల బాలబాలికలలో కొందఱు జపాను దేశపు బొమ్మల కథలను మక్కువతో చదువుచున్నారు. ఆ దేశపు కదలు బొమ్మల కథలను ‘అనిమే’ యనియు, పుటలమీద గీసిన కథలను ‘మాంగా’ యనియు పిలుతురు. మనుష్యుడు లోపల కూర్చుండి నడపు మహాయంత్రములు పోరాడు కథలు వానిలో నొక తెగ. 1979వ సంవత్సరమున టొమినో యొషియుకి దర్శకత్వమున టెలివిజనులో వెలువడిన ‘మొబైల్ సూట్ గన్‌డమ్’ ఈ తెగలో మిక్కిలి ప్రసిద్ధమైనది. 52 భాగములుగా తలపెట్టిన యా కథ తగిన యాదరణము లేక 43 భాగములతో ముగిసెను. బొమ్మల పనికి పెద్దయైన యసుహికో యొషికజు నడుమనే జబ్బుపడుటచే, చివరి భాగములకు అతని చేతి తీర్పు లభింపలేదు. వారమున కొక భాగము సిద్ధము చేయవలసిన తొందరలో లోపములు సహజములే గదా!

ఆ యసుహికోయే 2001 మొదలు 2011 వరకు అదే కథను మాంగాగా మరల చెప్పెను. మొదటి కథలో క్లుప్తముగా సూచింపబడిన పూర్వవృత్తాంతము, అనగా శత్రుపక్షపు వంశములలోని కుట్రలు, తండ్రిని గోల్పోయిన యన్నచెల్లెండ్ర బాల్యము, ఇందు విస్తారముగా చెప్పబడినవి. అందువలన యంత్రముల పోరాటము వెనుకనున్న మనుష్యుల పగకు కారణము తెలియుచున్నది. పుటమీది బొమ్మకు కదలికయు ధ్వనియు లేవు. ఆ నష్టము నిజమే. అయినను కథగా చూచినచో రెండవదియే సంపూర్ణమని నాకు తోచుచున్నది. దానికాతడు పెట్టిన పేరు ‘ది ఒరిజిన్’, అనగా మూలము. వెనుక పుట్టినదానికి మూలమను పేరు వింతయే కాని, తగనిది కాదు.

ఇక మన ప్రాంతమునకు వత్తము. అభిమన్యునకు బలరాముని కూతురైన శశిరేఖతో జరిగిన వివాహకథ తెలుగువారి కందఱకును తెలిసినదే. కాని వ్యాసభారతమున శశిరేఖయే లేదు. అందు అభిమన్యుని భార్య ఉత్తర. ఇది జనుల నోళ్లలో పెరిగిన కథ. మహారాష్ట్ర ప్రాంతమున ఆ కన్యను వత్సల యందురు. కడప జిల్లా సురభి గ్రామమున 1885లో పుట్టిన సురభి నాటక సమాజమువారు ‘మాయాబజారు’ను ఆడి ఊరూరను మెప్పించిరి. తీగలు, తెరలు, దీపముల సాయమున రంగస్థలముమీద మాయలు కల్పించుటలో వారికి వారే సాటి. 1936లో పి. వి. దాసు ఈ కథనే చలనచిత్రముగా తీసెను. కావున 1957లో విజయా సంస్థవారు ‘మాయాబజార్’ తీయబూనునాటికి కథలో క్రొత్తదన మేమియు లేదు.

ఆ చిత్రమునకు దర్శకుడు కె. వి. రెడ్డి. అతని జన్మస్థలము తాడిపత్రి. మన డోనునుండి గుత్తిమీదుగా రైలులో చేరదగిన యూరు. నిర్మాతలలో నొకరైన బి. నాగిరెడ్డి కడప జిల్లా పొట్టిపాడువారు. తెలిసిన కథలో వీరేమి మేలు కూర్చిరి? మొదట, కొంత విడిచిపెట్టిరి. పాండవుల బంధువుల కథయైనను చిత్రమున పాండవు లొక్కమాఱైనను కనబడరు! ఆ లోటు ప్రేక్షకునకు తోచనే తోచదు. పిమ్మట, ప్రియదర్శిని యను పెట్టెను కల్పించిరి. తెఱచి చూచినవారికి తమకు ప్రియమైనది అందు కనబడును. శశిరేఖకు అభిమన్యుడు, బలరామునకు దుర్యోధనుడు, రేవతికి నగలు. ఎవరి మనస్సు ఎక్కడనున్నదో పది సంభాషణములు చెప్పవలసినదానిని ఆ పెట్టె క్షణములో చెప్పుచున్నది. పింగళి నాగేంద్రరావు ‘అసమదీయులు’, ‘తసమదీయులు’ అను క్రొత్త మాటలను రాక్షసుల నోట పెట్టి, భయంకరులు కావలసినవారిని మనకు చుట్టములను చేసెను. పైకి కన్నియ, లోపల ఘటోత్కచుడు అను వింతను సావిత్రి కనుబొమలతోను నడకతోను చూపెను. నాటకశాలలో వెనుక బల్లమీద కూర్చున్నవానికి నటుని కనుబొమ కనబడునా? క్రొత్త సాధనమునకు ఏది సాధ్యమో గుర్తెఱిగి దానినే వాడుకొనుట వీరి నేర్పు.

మార్పెల్ల మేలు కాదనుటకును ఈ చిత్రమే సాక్షి. నలుపు తెలుపులలో నున్న దీనికి 2010లో రంగులద్ది, నిడివి తగ్గించి, మరల విడుదల చేసిరి. ఆ శ్రమ మెచ్చదగినదే. కాని మార్కస్ బార్ట్లే నలుపు తెలుపులతోనే కాయించిన వెన్నెలకు రంగు వలన క్రొత్తగా వచ్చిన యందమేమియు నాకు కనబడలేదు. కథలోని కొఱత నెఱిగి తీర్చినదే మేలైన మార్పు. పైపూత యెంత చక్కనిదైనను పైపూతయే.

ఈ చర్చ పాఠశాల పత్రికలో నేలయని కొందఱడుగవచ్చును. మన విద్యార్థులలో పెక్కుమంది బజారు గైడులోని జవాబును అక్షరము తప్పకుండ వల్లించి వ్రాయుచున్నారు. తన బుద్ధితో నొక్క వాక్యము మార్చుటకు జంకుచున్నారు. మార్చినచో మార్కు పోవునను భయము. ఆ భయమునకు ఉపాధ్యాయులమైన మనమును కొంత కారకులమే. ప్రతి తరగతిలోను ఏట రెండు మూడుమాఱులైనను ఒక కథ నిచ్చి, దానిని నాటకముగానో బొమ్మలుగానో మార్చుమని కోరవలెను. ఏమి విడిచితివి, ఏమి చేర్చితివి, ఎందులకు అని యడిగి, ఆ సమాధానమునకు మార్కు లీయవలెను. నకలు చేయుటకును అనుసరించుటకును గల భేదము అప్పుడు గాని వారికి బోధపడదు.

తలిదండ్రులకొక మనవి. మీ పిల్లవాడు జపాను బొమ్మల పుస్తకము పట్టుకొన్నంతమాత్రమున దానిని లాగివేయకుడు. మీ బాల్యమున ‘చందమామ’లో మీరు చదివిన బేతాళ కథలును మరల చెప్పబడినవే. మూలమున నవి యిరువదియైదే గదా! పాఠముల వేళకు పాఠములే చదువవలెననుట న్యాయము. కాని తీరిక వేళ వాని ప్రక్కను కూర్చుండి, ఈ కథ మొదట నెట్లుండెను, రెండవవాడేమి మార్చెను, అది మేలా కీడా అని యడుగుడు. వాడు తడబడినచో ఆలోచించుటకు వానికి వ్యవధి యిండు. కారణముతో జవాబు చెప్పగలిగినచో, వాడు చదువుచున్నది చదువే యని నమ్ముడు.