ఓడల శాఖ పంచాయితీల బీడీ చాట ఏది?

సముద్రం మొఖం చూడని తెలంగాణకు ఒకపారి ఓడల శాఖ వచ్చింది. వచ్చినట్టే వచ్చి పోయింది. మన వాడల్ల చాలామందికి ఈ ముచ్చట యాదికి లేదు. మళ్ళా యాది చేసుకోవలసిన అవసరం వచ్చింది.

2004 ఎన్నికల్లో కాంగ్రెస్, టీఆర్ఎస్ పొత్తు పెట్టుకున్నయి. టీఆర్ఎస్ కు 26 మంది ఎమ్మెల్యేలు, ఐదుగురు ఎంపీలు గెలిచిండ్రు. ఢిల్లీల యూపీఏ సర్కారు ఏర్పడ్డది. కరీంనగర్ నుంచి గెలిచిన కేసీఆర్ కు ఓడల శాఖ ఇచ్చిండ్రు. తమిళనాడు డీఎంకే ఊకోలేదు. ఆ శాఖ మాకు ఒప్పుకున్నదే, అది మాకు రాకుంటే మా మంత్రులు కుర్చీల కూసోరు అని భీష్మించింది. రెండు ప్రాంతీయ పార్టీలు, ఒకటే శాఖ. చివరికి కేసీఆర్ వదులుకున్నడు, డీఎంకే మనిషి టీ.ఆర్. బాలు ఆ శాఖకు మంత్రి అయిండు. కొన్ని నెలలు శాఖ లేని మంత్రిగ ఉండి, తర్వాత కేసీఆర్ కార్మిక శాఖకు మంత్రి అయిండు.

ఇక్కడ ఆగి ఆలోచించుండ్రి. కార్మిక శాఖ! మెట్‌పల్లి, కోరుట్ల పల్లెల్ల ఆ శాఖ కంటే మనకు దగ్గరి శాఖ ఇంకోటి ఉన్నదా? 1976ల చేసిన చట్టం ప్రకారం బీడీల మీద సెస్సు వసూలు చేసి, ఆ పైసలతోటి బీడీ కార్మికుల దవాఖానాలు, పిల్లల స్కాలర్‌షిప్పులు నడిపింది ఆ శాఖనే. మా ఇండ్లల్ల డిగ్రీ చదివిన మొదటి తరం మేము. మా తల్లులు చాట ఒళ్ళె పెట్టుకోని, తునికాకు కత్తిరించి, తంబాకు వాసనల దగ్గుకుంట చుట్టిన బీడీలే మా పరీక్ష ఫీజులు. కార్ఖానాల సేటు మనిషి బాగలేవని తీసి పక్కకు పారేసిన బీడీలకు లెక్క లేదు, కూలి లేదు. తెలంగాణ నాయకుడు కార్మిక మంత్రి అయిండంటే మా తల్లులు సంబురపడ్డది నిజం.

మరి కూటమిల పార్టీలు తన్నుకున్న ఆ రెండేండ్లల్ల ఎన్ని షరతులు ఇన్నం! ఓడల శాఖ కావాలె. ఇన్ని మంత్రి పదవులు కావాలె. నామినేటెడ్ పోస్టుల్ల ఇంత వాటా కావాలె. బీడీ చుట్టే తల్లికి కూలి పెంచకుంటే మేము సర్కారుల ఉండమని ఏ పార్టీ అయినా అన్నదా? కాంగ్రెస్ అనలేదు. టీఆర్ఎస్ అనలేదు. బయట కూసున్న తెలుగుదేశం అసలే అనలేదు.

2005 జూలైల వైఎస్ సర్కారు నుంచి టీఆర్ఎస్ మంత్రులు ఆరుగురు బయటికి వచ్చిండ్రు. 2006 ఆగస్టుల కేసీఆర్, నరేంద్ర కేంద్రం నుంచి వచ్చేసిండ్రు. తెలంగాణ కోసం బయటికి రావడం తప్పని మేమనం. మేము కూడ ఆ జెండ మోసినోళ్ళమే, లాఠీ దెబ్బలు తిన్నోళ్ళమే. మా పంచాయితీ ఆ తర్వాతి సంగతి మీద. కాంగ్రెస్ మంత్రి ఎం. సత్యనారాయణరావు సవాలు చేసిండు. కేసీఆర్ ఎంపీ పదవికి రాజీనామా చేసిండు. డిసెంబర్ల కరీంనగర్ ఉప ఎన్నిక. నిన్నటిదాక ఒకే సర్కారుల కూసున్న రెండు పార్టీలు మన ఊర్ల మీద పడ్డయి. కేసీఆర్ రెండు లక్షల పైచిలుకు మెజారిటీతోటి గెలిచిండు. 2008ల మళ్ళా రాజీనామా, మళ్ళా ఓట్లు. ఈసారి మెజారిటీ పదిహేను వేలకు దిగింది. ఒక్క పార్లమెంటు సీటుకు నాలుగేండ్లల్ల మూడుమార్లు ఓటు.

అప్పుడు మాకు కరీంనగర్ దిక్కు ఒక ఊరి బడిల పోలింగు డ్యూటీ పడ్డది. మాదిగవాడ ఆడోళ్ళు పొద్దుగాలనే లైను కట్టిండ్రు. ఒక ముసలవ్వ వేలికి సిరా పెట్టిచ్చుకుంట, 'గిది ఎన్నోపాలి బిడ్డా?' అని అడిగింది. చెప్పినం. 'ఓటైతె ఏత్త గని, బోరింగు సంగతి ఎవలకు చెప్పాలె?' అన్నది. డ్యూటీల ఉన్న సర్కారు పంతుళ్ళం, ఏం చెప్పాలె? బోరింగు ఆ బడి గోడకు ఆనుకోనే ఉన్నది, హ్యాండిలు లేదు.

రాష్ట్రం వచ్చింది. దళితుడే మొదటి ముఖ్యమంత్రి అన్న మాట అందరికీ ఎరుకే. 2014 జూన్ 2 నాడు ప్రమాణం చేసింది కేసీఆర్. ఉప ముఖ్యమంత్రిగ పెట్టిన దళిత బిడ్డ రాజయ్యను 2015 జనవరిల తొలగించిండ్రు. దాని మీద ఏ మంత్రి రాజీనామా ఇయ్యలేదు. న్యాయంగ ఒకటి చెప్పాలె: బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల జీవనభృతి ఆ సర్కారే 2015ల మొదలుపెట్టింది, తర్వాత 2,016 చేసింది. పీఎఫ్ ఉన్నోళ్ళకు వచ్చింది. ఒకరి కార్డు మీద ఇంకొకరు చుట్టిన ఇండ్లల్ల చుట్టినామెకు రాలేదు. 2017ల జీఎస్టీ వచ్చినంక ఢిల్లీల ఆ 1976 నాటి సెస్సే రద్దయిపోయింది. అప్పుడు ఎన్డీఏల తెలుగుదేశం ఉన్నది. ఆ ముచ్చట మీద కూటమిల కుర్చీ కిర్రుమనలేదు.

2018 మార్చి యాది చేసుకోండ్రి. ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా ఇయ్యలేదని తెలుగుదేశం ఎన్డీఏను విడిచింది. అది మార్చి 16. నాలుగు రోజులు గడిచినయి. మార్చి 20 నాడు సుప్రీంకోర్టు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి కోరలు పీకింది. కేసు పెట్టాలంటే ముందు విచారణ, అరెస్టు చేయాలంటే పై అధికారి అనుమతి అన్నది. హోదా కోసం బయటికొచ్చిన పార్టీలు, హోదా మీద ఒకరినొకరు తిట్టుకున్న పార్టీలు ఉన్నయి గదా, మన చట్టం కోసం కూటమి విడిచింది ఏది? ఏప్రిల్ 2 నాడు దేశమంత మన జనం రోడ్డెక్కిండ్రు. ప్రాణాలు పోయినయి. ఆగస్టుల పార్లమెంటు చట్టాన్ని మళ్ళా సరిచేసింది. లోపల ఉండి గట్టిగ అడిగిన పార్టీ లేకపోలేదు. బీహారు పాశ్వాన్ గారి పార్టీ అడిగింది. ఎందుకు అడగగలిగింది? ఆయన ఓట్లు ఆయన పేరు మీద ఉన్నయి. మన ఓట్లు కాంగ్రెస్ లెక్కల, టీఆర్ఎస్ లెక్కల, తెలుగుదేశం లెక్కల పడ్డయి. ఆ లెక్క చూపిచ్చి వాళ్ళు శాఖలు తెచ్చుకున్నరు.

కాన్షీరాం గారు గట్టి సర్కారు కన్న లాచారు సర్కారే మనకు మేలని చెప్పెటోడు. సర్కారు కూలిపోతదని భయపడితేనే మన మాట ఇంటది. కూటమి అంటే లాచారు సర్కారే. అయినా మనకు మేలెందుకు కాలే? కూలగొట్టే తాళంచెవి మన చేతుల లేదు. ఉన్నా చాలదు సుమా. ఉత్తరప్రదేశ్‌ల 1993 ఎన్నికల్లో సమాజ్‌వాదీ పార్టీ 109, బీఎస్పీ 67 సీట్లు గెలిచి దళితులు, వెనుకబడినోళ్ళు కలిసి సర్కారు చేసిండ్రు. రెండేండ్లు నిండకముందే, 1995 జూన్ 2 నాడు లక్నో గెస్టుహౌస్‌ల మాయావతి గారి మీద దాడి దాకా పోయింది ఆ పొత్తు. ఊర్ల పొలం దున్నే బీసీకి, ఆ పొలంల కూలికి పోయే దళితునికి మధ్య ఉన్న తగాదా తెంపకుండ పైన చేతులు కలిపితే గట్లనే అయితది. మెట్‌పల్లి దిక్కు పసుపు చేన్లల్ల కూలి రేటు మీద ప్రతి ఏడు అయ్యే లొల్లి కూడ అదే లొల్లి. దాన్ని దాచిపెట్టి బహుజన ఐక్యత అని మైకుల మొత్తుకుంటే మన గొంతే పోతది.

మళ్ళా ఓట్లు వస్తయి, మళ్ళా పొత్తులు వస్తయి. ఏ రంగు కండువ మన వాడకొచ్చినా, అంబేద్కర్ విగ్రహం ముంగట దండ వేయనిచ్చేముందు కూసోబెట్టి అడుగుదాం. మీరు ఏ సంగతి మీద సర్కారు నుంచి బయటికొస్తరు? బీడీ కూలి మీద వస్తరా? సబ్‌ప్లాన్ పైసలు మళ్ళిస్తే వస్తరా? అత్యాచారం కేసుల చార్జిషీటు పడకుంటే వస్తరా? నోటితోటి చెప్పింది వద్దు, రాసి సంతకం పెట్టమందాం. కాగితం, కార్బను మేమే తెస్తం. ఊరికి ఇద్దరు చదువొచ్చిన పిల్లలు తయారుంటే చాలు. ఒక ప్రతి వాళ్ళకు, ఒక ప్రతి వాడల.