చేయి పొడవు ఒక లోపమా?

పొట్టిగా ఉన్న మిత్రుడు బెంచ్ ప్రెస్‌లో 60 కిలోలను సునాయాసంగా పైకి నెట్టుతుంటే, ఆరడుగులు దాటిన యువకుడు 45 కిలోల వద్దే ఆగిపోవడం వ్యాయామశాలల్లో తరచూ కనిపించే దృశ్యం. కొందరు సిగ్గుపడి వెళ్లడమే మానుకుంటారు. మరికొందరు పంతానికి పోయి, మోయలేని బరువు ఎక్కించి భుజం చెడగొట్టుకుంటారు. దీనికి తోడు ఇంట్లో "అంత ఎత్తు ఉండి ఏం లాభం?" అన్న ఎత్తిపొడుపు. ఆ మాట అనే పెద్దలు ముందుగా ఒక చిన్న లెక్క చూడాలని మేము కోరుతున్నాము.

రాడ్ ఛాతీని తాకిన చోటు నుండి చేతులు పూర్తిగా చాచే వరకు ప్రయాణించే దూరం అందరికీ ఒకటి కాదు. పొట్టి చేతులవానికి అది 30 సెంటీమీటర్లు, పొడవైన చేతులవానికి 45 సెంటీమీటర్లు అనుకుందాం. 60ని 30తో హెచ్చిస్తే 1800. 45ను 45తో హెచ్చిస్తే 2025. అంటే ఓడిపోయానని తలవంచుకున్నవాడే ఎక్కువ పని చేశాడన్నమాట! ఇక అవే చేతులు నేలమీది బరువును ఎత్తే డెడ్‌లిఫ్ట్‌లో వరంగా మారతాయి. పొడవైన చేతులకు పేరుపొందిన అమెరికా క్రీడాకారుడు లమార్ గాంట్ 1985లో తన శరీర బరువుకు 5 రెట్ల బరువును నేలనుండి లేపాడు.

అయితే లెక్క తెలిసినంత మాత్రాన బలం రాదు. పొడగరికి రాడ్ సాధారణంగా ఛాతీ దగ్గరే, లేదా అక్కడి నుండి కొద్దిగా లేచాక మొరాయిస్తుంది. కనుక శ్రద్ధ అంతా అక్కడే పెట్టాలి. బల్లపై పడుకోగానే రెండు భుజపుటెముకలను వెనక్కు, దగ్గరకు లాగి బల్లకు అదిమి ఉంచాలి. అప్పుడు ఛాతీ పైకి లేచి రాడ్ ప్రయాణించే దూరం కొంత తగ్గుతుంది, భుజం కీలుకు రక్షణ కూడా లభిస్తుంది. పాదాలు నేలకు గట్టిగా ఆని ఉండాలి. రాడ్ ఛాతీని తాకినప్పుడు ముంజేతులు నిట్టనిలువుగా ఉండేలా పట్టు ఎంచుకోవాలి. పొట్టి మిత్రుని పట్టును అనుకరిస్తే పొడగరికి అది ఇరుకవుతుంది. అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ నియమం ప్రకారం చూపుడు వేళ్ల మధ్య 81 సెంటీమీటర్ల వరకు వెడల్పు అనుమతించబడింది. మోచేతులను రెక్కల్లా పూర్తిగా విప్పరాదు. రాడ్‌ను ఛాతీపై ఎగిరించరాదు. ఒక క్షణం కదలకుండా ఆపి, ఆ తర్వాతే నెట్టాలి. ఇలా చేస్తే మొదట్లో బరువు తగ్గించుకోక తప్పదు. యువకులు ఒప్పుకోని మాట ఇదే!

నెట్టే వ్యాయామం ఎంత చేస్తారో, లాగే వ్యాయామం అంతకు తగ్గకుండా చేయాలి. పుల్-అప్‌లు, రోయింగ్ వీపును దిటవు చేస్తాయి. ఆ వీపే రాడ్‌కు పీట. చేయి వెనుక కండరం కోసం కొంచెం దగ్గరి పట్టుతో బెంచ్ ప్రెస్ చేయవచ్చు. జిమ్ రుసుము భారమైన ఇళ్లలో దండీలు ఉండనే ఉన్నాయి. హైదరాబాద్ పాతబస్తీలో పహిల్వానుల సాధనశాలను కూడా తాలీమ్ అనే పిలుస్తారు. మేము నేర్పేదానికీ దానికీ పేరు ఒకటే కావడం మాకు ముచ్చటగానే ఉంటుంది.

వారానికి రెండు రోజులు, ఐదేసిసార్లు చొప్పున నాలుగైదు విడతలు చాలు. అన్నీ శుభ్రంగా పూర్తయినప్పుడే రెండు వైపులా 1.25 కిలోల ప్లేట్లు చేర్చాలి. నిలబడి తలపైకి ఎత్తే ప్రెస్‌లో ఎదుగుదల ఇంకా నెమ్మది. అక్కడ నెలకు ఒక మెట్టు ఎక్కినా సంతోషించవచ్చు.

తల్లులకు ఒక మాట. పొడవైన ఎముకలపై కండ నిండడానికి తిండి ఎక్కువే కావాలి. గుడ్డులో దాదాపు 6 గ్రాముల మాంసకృత్తులుంటాయి. పప్పు, సెనగలు, పెరుగు, మాంసం ఉండగా ఖరీదైన పొడుల డబ్బాకు తొందర లేదు. జిమ్‌లో ఎవరో ఇచ్చే ఇంజెక్షన్‌ను మాత్రం ఇంటి గడప తొక్కనివ్వకండి.

పక్కన తోడు మనిషి లేనిదే బరువైన బెంచ్ ప్రెస్‌కు పూనుకోరాదు. భుజం ముందు భాగంలో నొప్పి మొదలైతే బల్లను కొన్ని వారాలు వదిలి, నేలమీద పడుకొని తేలికైన డంబెల్స్ నెట్టి చూడాలి. మోచేయి నేలకు తగిలి ఆగుతుంది గనుక భుజం లోతుగా సాగదు. అలా చేసినా నొప్పి తగ్గకుంటే ఎముకల వైద్యునికి చూపించాలి.